పగలు లెక్కల పుస్తకం, శనివారం ఆన్‌ఫీల్డ్: బిల్లీ లిడెల్ జ్ఞాపకాలు

ఫుట్‌బాల్ ఆటగాడు బిల్లీ లిడెల్ పేరు ఎత్తగానే ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ పాతకాలం అభిమానులు అంకెలు ఒప్పజెబుతారు. క్లబ్బు తరఫున 534 మ్యాచ్‌లు, 228 గోల్స్, స్కాట్లాండ్ తరఫున 28 అధికారిక మ్యాచ్‌లు. ఆ రోజుల్లో ఊళ్లో జనం జట్టుని ‘లిడెల్‌పూల్’ అనేవారు. ఇవన్నీ నిజాలే. కానీ ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మబుద్ధి కానిది ఇంకొకటి ఉంది: దేశమంతా పేరు తెలిసిన ఆ ఆటగాడు అకౌంటెంట్ ఉద్యోగం మానలేదు. జమాఖర్చుల పుస్తకాలు చూసుకుంటూ, మధ్యలో వీలు చేసుకుని సాధనకి వెళ్లి, శనివారం మధ్యాహ్నం వేలమంది ముందు 11 నంబరు జెర్సీలో దిగేవాడు. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతామంటారు కదా. లిడెల్ ఇరవై ఏళ్లకు పైగా అలాగే నిలబడ్డాడు.

అతను పుట్టింది 1922 జనవరి 10న, స్కాట్లాండ్‌లో ఫైఫ్ ప్రాంతపు టౌన్‌హిల్‌లో. డన్‌ఫెర్మ్‌లిన్ పక్కనే ఉన్న బొగ్గు గనుల ఊరు. సింగరేణి కాలనీలు చూసినవాళ్లకి అక్కడి బతుకు ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. తండ్రి గని కార్మికుడు, ఆరుగురు పిల్లల్లో బిల్లీ పెద్దవాడు. తన వెనక కొడుకు గనిలోకి దిగకూడదన్నది ఆ ఇంటి పట్టుదల. చదువులో చురుకైన పిల్లాడు కాబట్టి డన్‌ఫెర్మ్‌లిన్ హైస్కూల్‌కి పంపారు. ఆటేమో లాక్‌గెల్లీ వయొలెట్ అనే స్థానిక జట్టులో.

లివర్‌పూల్‌కి ఈ కుర్రాడి కబురు మోసింది మ్యాట్ బస్బీ. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ప్రపంచానికి తెలిసిన బస్బీయే, అప్పుడు లివర్‌పూల్‌లో హాఫ్ బ్యాక్‌గా ఆడుతున్నాడు. మాంచెస్టర్ సిటీ ఆటగాడు అలెక్ హెర్డ్ నోట కుర్రాడి మాట విని, అక్కడ చెవిన వేశాడు. 1938లో, పదహారేళ్ల వయసులో బేరం కుదిరింది. తల్లిదండ్రులు మాత్రం షరతు పెట్టారు: మంచి ఇంట్లో బస చూపించాలి, అకౌంటెన్సీ చదువు ఆగకూడదు. క్లబ్బు ఒప్పుకుంది. 1939లో ప్రొఫెషనల్‌గా సంతకం చేసినప్పుడు జీతం వారానికి 3 పౌండ్లు.

ఆ షరతు అతి జాగ్రత్త అనిపిస్తుంది గానీ, అప్పటి జీతాల పట్టిక చూస్తే ఆ గని కార్మికుడి ఇంట్లో ఎంత లోకజ్ఞానం ఉందో తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో ఆటగాడి వారపు జీతానికి పైకప్పు ఉండేది. 1947లో ఆటల సీజన్‌లో 12 పౌండ్లు, వేసవిలో 10. 1951లో 14, 1953లో 15, 1957లో 17, 1958లో 20. నువ్వు దేశంలోకెల్లా గొప్ప వింగర్‌వైనా (మైదానం పక్క గీత వెంబడి దాడికి పరుగెత్తే ఆటగాడు) అంతే, రిజర్వ్ జట్టులో కూర్చున్నవాడికి అంతకన్నా కాస్త తక్కువ. ఇంకో క్లబ్బుకి పోతే ఎక్కువ వస్తుందా అంటే, పైకప్పు అన్ని క్లబ్బులకీ ఒకటే. పోనీ ఒప్పందం ముగిశాక స్వేచ్ఛ ఉందా అంటే అదీ లేదు. ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలో ఉండేది, వాళ్లు వదిలితేనే కదలాలి. మోకాలు పోతే ముప్పై ఏళ్లకే ఆట బంద్. ఆ తర్వాత సారా కొట్టు పెట్టుకోవడమో, చిన్న దుకాణం తెరవడమో చాలామందికి దారి. లిడెల్ మందు ముట్టడు, పొగ తాగడు, ఆదివారం మెథడిస్ట్ చర్చి బడిలో పిల్లలకి పాఠాలు చెబుతాడు. అతనికి సారా కొట్టు ఎలాగూ కుదిరేది కాదు!

యుద్ధం వచ్చి అతని తొలి ఏళ్లు తినేసింది. 17 ఏళ్లకి సంతకం చేసినవాడు లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడేసరికి 24 దాటాయి. మధ్యలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో నావిగేటర్. లెక్కలవాడిని సరైన కుర్చీలోనే కూర్చోబెట్టారు. అప్పటి నావిగేటర్ ముందు మ్యాపు, పెన్సిలు, గడియారం. విమానం వేగం, ముక్కు చూపే దిక్కు, గాలి తోసే దిక్కు, ఈ మూడింటితో త్రిభుజం గీసి, నేల మీద మనం ఎక్కడున్నామో కట్టాలి. కొన్ని నిమిషాలకోసారి మళ్లీ కట్టాలి. గాలి అంచనాలో పొరపాటొచ్చి దిక్కు 1 డిగ్రీ తప్పితే, 60 మైళ్లు పోయేసరికి 1 మైలు పక్కకి జరుగుతాం. 300 మైళ్లకి 5 మైళ్లు, అంటే ఊరికి ఊరే తప్పిపోతుంది. చీకట్లో, కింద దీపాలార్పేసిన దేశం మీద ఈ పని. దాని ముందు పెనాల్టీ కిక్ ఏపాటి?

యుద్ధకాలంలోనే ఒక మ్యాచ్ గుర్తుపెట్టుకోవాలి. 1942 ఏప్రిల్ 18, గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్. స్కాట్లాండ్ 5, ఇంగ్లండ్ 4. దేశం తరఫున లిడెల్‌కి అదే తొలి ఆట, గోల్ కొట్టాడు. అదే మ్యాచ్‌లో గోల్ కొట్టిన ఇంకొక స్కాట్లాండ్ ఆటగాడు బిల్ షాంక్లీ. పదిహేడేళ్లు దాటాక వీళ్లిద్దరూ ఒకే గడప దగ్గర మళ్లీ కలుస్తారు.

1946లో లీగ్ మొదలైంది. సెప్టెంబరు 7న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో చెల్సీ మీద 7-4. లిడెల్‌కీ జట్టు సహచరుడు బాబ్ పైస్లీకీ అదే తొలి లీగ్ మ్యాచ్, లిడెల్‌వి రెండు గోల్స్. ఆ సీజన్‌లో లివర్‌పూల్ లీగ్ గెలుపు వెనక తిండి కూడా ఉందని తెలిసినవాళ్లు అంటారు. మేనేజర్ జార్జ్ కే సీజన్‌కి ముందు వేసవిలో జట్టుని అమెరికా, కెనడా పర్యటనకి తీసుకెళ్లాడు. బ్రిటన్‌లో అన్నీ రేషన్ మీదే. యుద్ధమంతా రేషన్ లేని రొట్టెకి కూడా 1946 జులైలో కార్డు పెట్టారు. అక్కడేమో మాంసం, గుడ్లు, పాలు కావలసినంత. ఒళ్లు చేసి తిరిగొచ్చిన జట్టు, పస్తుల జట్ల మీద ఆడింది.

తర్వాత 1947 చలికాలం. జనవరి చివర మొదలైన మంచు మార్చి సగం దాకా వదల్లేదు. మ్యాచ్‌ల మీద మ్యాచ్‌లు వాయిదా. బొగ్గు కరువుతో కర్మాగారాలు ఆగిపోతున్నాయని, పనికి ఎగనామం పెట్టి జనం ఆటకి పోతారని, ప్రభుత్వం వారం మధ్యలో ఆటల్ని ఆపించింది. సీజన్ సాగిసాగి జూన్ 14 దాకా పోయింది. ఆ మంచులోనే, మార్చి 1న, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్‌లో బర్మింగ్‌హామ్ సిటీ మీద ఒక గోల్ వచ్చింది. ఎడమ పక్క నుంచి లిడెల్ ఫ్రీ కిక్. గాల్లోకి లేపకుండా, నడుం కన్నా దిగువన దూసుకుపోయేలా కొట్టాడు. ఆల్బర్ట్ స్టబిన్స్ గడ్డకట్టిన నేల మీదికి అడ్డంగా దూకి తలతో నెట్టేసి, మంచు మీద జారుకుంటూ పోయాడు. మోకాళ్లు చీరుకుపోయి నెత్తురు. పత్రికల్లో ఏళ్ల తరబడి పేరు స్టబిన్స్‌కే దక్కింది, దక్కాలి కూడా. అయితే ఆ ఎత్తులో, ఆ వేగంతో, ఆ నేల మీద బంతి పంపడం ఏమంత తేలికో బంతి సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది.

ఆ బంతి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. నిబంధన ప్రకారం బరువు 14 నుంచి 16 ఔన్సులు, అంటే సుమారు 396 నుంచి 453 గ్రాములు. ఇవాళ్టి బంతీ ఇంచుమించు అంతే. పాత బంతి రాయిలాంటిదని చెప్పేవాళ్లంతా ఇక్కడ తడబడతారు. తేడా పొడిగా ఉన్నప్పుడు లేదు, తడిసినప్పుడు ఉంది. పై తొడుగు తోలు పట్టీలతో కుట్టింది, లోపల రబ్బరు బ్లాడర్. తోలు నీళ్లు పీలుస్తుంది. వానలో మొదటి అరగంటకే బరువెక్కి, ద్వితీయార్ధానికి బురద కూడా పట్టి, తంతే ఎగరనని మొరాయించేది.

గాలి నింపడమూ ఒక పనితనమే. బ్లాడర్‌కి బొడ్డులాంటి గొట్టం ఉంటుంది. దాన్ని తోలు చీలికలోంచి బయటికి లాగి, పంపుతో గాలి కొట్టి, మడిచి, దారంతో బిగించి కట్టాలి. కట్టిన గొట్టాన్ని తోలు నాలుక కిందికి సర్దాలి. ఆ పైన బూటు లేసులా తోలు తాడుని మొద్దు సూదితో రంధ్రాల్లోంచి గుచ్చి చీలిక మూసేయాలి. గొట్టం సరిగ్గా సర్దకపోతే అక్కడ బుడిపె లేస్తుంది, బంతి గాల్లో వంకర్లు పోతుంది. లేసు వదులైతే కుట్టు విచ్చుకుంటుంది. బాగా బిగిస్తే గట్టుకట్టి, తలతో కొట్టినవాడి నుదురు గీరుకుపోతుంది. అందుకే గోల్ ముందు నిలబడే సెంటర్ ఫార్వర్డ్‌లు వింగర్లని లేసు అవతలి వైపు ఉండేలా క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకి పంపే బంతి) కొట్టమని బతిమాలేవారని జోకులుండేవి. ఫ్రీ కిక్ అయితే లేసుని ఎటు కావాలంటే అటు తిప్పి పెట్టుకోవచ్చు. పరుగెత్తే బంతితో ఎవరి తరమూ కాదు.

చివరి ఏళ్లలో లిడెల్‌ని పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు కుంగదీశాయి. 2001 జులై 3న, 79 ఏళ్ల వయసులో పోయాడు. ఒక్క మనిషి జబ్బుని బంతి ఖాతాలో రాయలేం. కానీ 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు 7,676 మంది మాజీ స్కాటిష్ ప్రొఫెషనల్స్ మరణ రికార్డులు తిరగేస్తే, మెదడు క్షీణించే జబ్బులతో పోయే ప్రమాదం మామూలు జనం కన్నా దాదాపు మూడున్నర రెట్లు ఉందని తేలింది. మరుసటి ఏడాదే స్కాట్లాండ్‌లో చిన్నపిల్లల సాధనలో తలతో కొట్టించడం మాన్పించారు. పాత ఆట మీద మమకారం ఉన్నవాళ్లం ఈ ముక్క కూడా దాచకుండా చెప్పాలి.

ఇక బూట్లు. చీలమండ కప్పేంత ఎత్తు, ముందు గట్టి తోలు టోపీ, ఒక్కో బూటు అర కిలో దగ్గర. కొత్త జతని నీళ్లలో నానబెట్టి, తడిగానే తొడుక్కుని తిరిగితే పాదానికి తగ్గట్టు సాగేది. ఆరాక కొవ్వు, మైనం కలిపిన డబిన్ రుద్దాలి, లేదంటే తోలు బిరుసెక్కి పగులుతుంది. పొయ్యి పక్కన పెట్టి ఆరబెడితే అసలుకే మోసం. అడుగున జారకుండా పట్టుకునే బుడిపెలు, అంటే స్టడ్స్, నాలుగు ముందు, రెండు వెనక. తోలు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మేకులతో కొట్టినవి. ముప్పావు అంగుళం మించకూడదని నిబంధన. ఆడేకొద్దీ బిళ్లలు అరిగి మేకు తలలు కింద తేలతాయి, మొనలేమో పైకి పొడుచుకొచ్చి అరికాలికి గుచ్చుకుంటాయి. అందుకే మ్యాచ్‌కి ముందు చెయ్యి లోపల పెట్టి తడిమి చూసుకోవడం అలవాటు. మర తిప్పి బిగించే స్టడ్స్ గొప్పతనం 1954 ప్రపంచ కప్‌లో పశ్చిమ జర్మనీ చూపించేదాకా, నేల మెత్తబడితే సుత్తీ మేకులే గతి.

ఈ బంతి, ఈ బూట్లు, ఆ నేల కలిసి వింగర్‌ని రాజుని చేశాయి. నవంబరు వచ్చేసరికి మైదానం నడిమధ్య, గోల్ ముందర గడ్డి ఊడి బురద మడి అయ్యేది. గీత వెంబడి మాత్రం కాస్త పచ్చిక మిగిలేది. బంతి దొర్లేది అక్కడే. కాబట్టి మధ్యలో తంటాలు పడకుండా బంతిని పక్కకి పంపి, వింగర్‌ని పరుగెత్తించి, అతను కొట్టిన క్రాస్‌కి తల ఆనించడం అప్పటి ఆట కిటుకు. ఇంగ్లండ్ వింగర్ స్టాన్లీ మాథ్యూస్ తనని ఆపే ఫుల్ బ్యాక్‌ని నిలబెట్టి మాయ చేసేవాడు. లిడెల్ మాయలమారి కాదు. బంతిని ముందుకి తోసి, భుజం ఆనించి, తిన్నగా గోల్ వైపు దూసుకుపోయే రకం. రెండు కాళ్లతోనూ సమానంగా కొట్టగలడు కాబట్టి ఫుల్ బ్యాక్ ఎటు మూసినా రెండోది తెరిచే ఉండేది. లేసు విప్పుకునేంత దెబ్బ కొట్టేవాడన్నది పొగడ్త, కానీ తడిసిన బంతిని ఇరవై గజాల నుంచి కీపర్ చేతుల్లోంచి తోసేయాలంటే తొడలో ఆ బలం ఉండాల్సిందే. ఇంత మొరటు ఆట ఆడి, రిఫరీ పుస్తకంలో పేరు ఎక్కించుకోలేదు. 1947లో, 1955లో రెండుసార్లు గ్రేట్ బ్రిటన్ జట్టు యూరప్ మిగతా దేశాల ఎంపిక జట్టుతో ఆడింది. రెండిట్లోనూ ఆడింది ఇద్దరే: మాథ్యూస్, లిడెల్.

1950 వసంతం అతనికి చేదు మిగిల్చింది. ఏప్రిల్ 15న హాంప్‌డెన్‌లో ఇంగ్లండ్ చేతిలో స్కాట్లాండ్ 0-1. ఆ బ్రిటిష్ పోటీలో మొదటి ఇద్దరికీ బ్రెజిల్ ప్రపంచ కప్‌కి దారి ఉంది. అయినా మొదటి స్థానంలో నిలిస్తేనే వెళ్తామని స్కాటిష్ సంఘం ముందే భీష్మించుకుంది. రెండో స్థానం వచ్చింది, ఓడ ఎక్కలేదు. అదే కప్‌కి మన దేశానికీ పిలుపు వచ్చి, మన సంఘమూ వెళ్లలేదు. బూట్లు లేక పోలేదన్న పుకారు ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది గానీ, ఆ కథ వేరే రోజుకి.

హాంప్‌డెన్‌లో ఆ రోజు లిడెల్ పక్కన ఆడినవాళ్లలో ఆర్సెనల్ వింగ్ హాఫ్ అలెక్స్ ఫోర్బ్స్ ఒకడు. సరిగ్గా రెండు వారాలకి, ఏప్రిల్ 29న, ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో వీళ్లిద్దరూ ఎదురుపడ్డారు. సెమీఫైనల్‌లో ఎవర్టన్ మీద లివర్‌పూల్ 2-0 గెలిచినప్పుడు గోల్స్ పైస్లీవి, లిడెల్‌వి. ఫైనల్‌కి పైస్లీని పక్కన పెట్టారు. మిగిలిన లిడెల్‌ని ఆపితే సగం పని అయినట్టేనని ఆర్సెనల్‌కి తెలుసు. వెంబ్లీలో వానకి నానిన పచ్చిక మీద ఫోర్బ్స్ అతన్ని కాళ్ల మీద నిలబడనివ్వలేదు. ఫౌల్ అవునా కాదా అని లివర్‌పూల్‌లో చాలా కాలం వాదులాడుకున్నారు. రెగ్ లూయిస్ రెండు గోల్స్, ఆర్సెనల్ 2-0. బదులు ఆటగాడిని దింపే వీలు అప్పటికి లేదు, ఇంగ్లిష్ లీగ్‌లో అది వచ్చింది 1965లో. దెబ్బ తిన్నవాడు కుంటుతూ అయినా ఆడాలి. ఈ నియమం లిడెల్‌కి కలిసొచ్చిన రోజూ ఉంది. 1951లో వెంబ్లీలో ఇంగ్లండ్ ఆటగాడు విల్ఫ్ మానియన్ అతని తలకి తల తగిలి చెంప ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఇంగ్లండ్ పదిమందితో మిగిలింది, స్కాట్లాండ్ 3-2 గెలిచింది, అందులో లిడెల్‌ది ఒక గోల్.

1954లో లివర్‌పూల్ అట్టడుగున నిలిచి రెండో డివిజన్‌కి జారింది. లిడెల్‌కి 32 ఏళ్లు. వింగ్ నుంచి తీసి 9 నంబరు తొడిగి మధ్యలో పెట్టారు. 1954-55లో లీగ్‌లోనే 30 గోల్స్ కొట్టాడు. క్లబ్బు చరిత్రలో అతి పెద్ద ఓటమి, బర్మింగ్‌హామ్‌లో 1-9, ఆ సీజన్‌దే. ఆ ఒక్క గోల్ ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఆ అవమానం జరిగి రెండు నెలలైనా తిరక్కుండానే, పై డివిజన్‌లో ఉన్న ఎవర్టన్‌ని వాళ్ల మైదానంలోనే కప్ మ్యాచ్‌లో 4-0 చితక్కొట్టారు. మొదటి గోల్ మళ్లీ ఇతనిదే. జట్టు పేరు మార్చి పిలిచారంటే ఊరికే పిలవలేదు.

1956 ఫిబ్రవరి 22. ఆన్‌ఫీల్డ్‌లో మాంచెస్టర్ సిటీతో కప్ రీప్లే (డ్రా అయ్యాక మళ్లీ ఆడే మ్యాచ్), లివర్‌పూల్ 1-2 వెనక. ఆఖరి క్షణాల్లో లిడెల్ బంతి అందుకుని దూసుకెళ్లి నెట్‌లోకి కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. కానీ బంతి నెట్‌లో పడకముందే రిఫరీ మెర్విన్ గ్రిఫిత్స్ ఆట ముగిసిందని ఈల వేసేశాడు, ఆ హోరులో లిడెల్‌కి వినపడలేదు. గోల్ చెల్లలేదు. అవతల గోల్‌లో ఉన్నది బెర్ట్ ట్రాట్‌మన్, ఒకప్పటి జర్మన్ పారాట్రూపర్, యుద్ధఖైదీగా వచ్చి ఇంగ్లండ్‌లో ఉండిపోయినవాడు. ఆ ఏడాది ఫైనల్‌లో మెడ ఎముక విరిగినా ఆడి కప్ గెలిచింది అతనే. ఇటు మాజీ బాంబర్ నావిగేటర్, అటు మాజీ పారాట్రూపర్. పదేళ్లు దాటాయేమో యుద్ధం ముగిసి, అంతే. లిడెల్ రిఫరీతో వాదులాట పెట్టుకోలేదు.

1959 జనవరిలో కింది స్థాయి సదరన్ లీగ్ జట్టు వూస్టర్ సిటీ చేతిలో కప్‌లో ఓడినప్పుడు లిడెల్ జట్టులో లేడు, పక్కన పెట్టారు. ఆ ఏడాది డిసెంబరులో షాంక్లీ మేనేజర్‌గా వచ్చాడు. అప్పటిదాకా క్లబ్బుల్లో సాధన అంటే మైదానం చుట్టూ పరుగు, రోడ్డు పరుగు. వారమంతా బంతి చూపించకపోతే శనివారం దాని మీద ఆకలి పెరుగుతుందన్న పిచ్చి నమ్మకం ఒకటి. షాంక్లీ క్లబ్బు సాధన మైదానం మెల్‌వుడ్‌లో పొదలు కొట్టించి, బంతితోనే సాధన మొదలుపెట్టాడు. పాతవాళ్లని ఒక్కొక్కరినీ సాగనంపాడు. హాంప్‌డెన్ సహచరుడనీ మినహాయింపు ఇవ్వలేదు, ఇవ్వడం తప్పయ్యేది కూడా. 1960 ఆగస్టు 31న సౌతాంప్టన్‌తో ఆడినది లిడెల్ చివరి మ్యాచ్. వయసు 38 ఏళ్ల 234 రోజులు.

మూడు వారాలకి, సెప్టెంబరు 21న, అతని గౌరవార్థం జరిగిన మ్యాచ్‌కి 38,789 మంది వచ్చారు. ఆ తర్వాత నాలుగు నెలలకి, 1961 జనవరిలో, ఆటగాళ్ల సంఘం సమ్మె బెదిరింపుతో జీతాల పైకప్పు ఎగిరిపోయింది. ఫుల్‌హామ్ వాళ్లు జానీ హేన్స్‌కి వారానికి 100 పౌండ్లు ఇచ్చారు. లిడెల్ అందుకోగలిగిన అత్యధికం 20. అతను బూట్లు విప్పేసి, లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ బర్సర్‌గా (డబ్బు వ్యవహారాలు చూసే అధికారి), జమాఖర్చుల ముందు కూర్చున్నాడు.